వరంగల్‌లో ముగ్గురు నలుగురు కలిసి రూము తీసుకోవాలంటే: బ్రోకరు లేకుండా, లెక్క తప్పకుండా

టులెట్ బోర్డు మీద కనిపించే అద్దె మీ జేబులోంచి పోయే డబ్బులో ఒక భాగమే. కరెంటు, నీళ్లు, ఆటో, గ్యాస్, పోయేటప్పుడు అడ్వాన్సులో కోత, ఇవన్నీ కలిపి తలకు నెలకెంత పడుతుందో చూస్తేనే రూము చవకో ప్రియమో తేలుతుంది. అందుకే ఇక్కడ వెతకడం కంటే లెక్క గురించే ఎక్కువ చెబుతున్నాం. అంతకన్నా ముందు, కాలేజీ హాస్టల్లోగానీ సంక్షేమ శాఖల పోస్ట్ మెట్రిక్ హాస్టల్లోగానీ సీటు వచ్చే వీలుంటే దానికి దరఖాస్తు పెట్టండి. అది రాకపోతేనే బయట రూము.

ముందు మనుషులు, తర్వాత రూము

చాలామంది తలకిందులుగా చేస్తారు. రూము బాగుందని అడ్వాన్సు కట్టేసి, అద్దె భారం పంచుకోవడానికి ఎవరు దొరికితే వాళ్లను తెచ్చుకుంటారు. రెండో నెలకల్లా గొడవ. ముగ్గురైనా నలుగురైనా బోర్డులు చూడకముందే ఒకచోట కూర్చుని నాలుగు విషయాలు తేల్చుకోండి. ఒకటి, ఒక్కొక్కరు నెలకు అన్నీ కలిపి ఎంత పెట్టగలరు. మొహమాటం లేకుండా అంకె చెప్పాలి, అందరిలోకి తక్కువ చెప్పినవాళ్ల అంకే మీ హద్దు. రెండు, వంట చేసుకుంటారా, మెస్సా, కర్రీ పాయింటా. మూడు, ఎవరు ఎన్ని గంటలకు పడుకుంటారు. గ్రూప్స్‌కో పోలీస్ ఉద్యోగానికో తయారయ్యేవాళ్లు తెల్లవారుజామున నాలుగింటికి లైటు వేస్తారు, ఇంజినీరింగ్ పిల్లలు అప్పుడే పడుకుంటారు. ఒకే గదిలో ఈ ఇద్దరికీ పొసగదు. నాలుగు, వేసవి సెలవుల్లో రూము ఉంచుకోవాలా, ఖాళీ చేయాలా.

ముగ్గురు మంచి లెక్క. నలుగురైతే అద్దె ఇంకాస్త తగ్గుతుంది, కానీ ఒక్కటే బాత్రూమ్ ఉన్నచోట తొమ్మిదింటి క్లాసుకు నలుగురూ తయారవ్వాలంటే తలకు పావుగంట చొప్పున గంట పడుతుంది. ఓనరు కూడా "నలుగురా? నీళ్లు సరిపోవు" అని అక్కడే ఆగిపోతాడు. అలాగని ముగ్గురని చెప్పి నాలుగోవాడిని దొంగచాటుగా పెట్టుకోకండి. సంపు త్వరగా ఖాళీ అయిన రోజే విషయం బయటపడుతుంది.

గది కొలత కూడా పట్టించుకోండి. ఒక్కో మంచం మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. పది బై పన్నెండు అడుగుల గదిలో మూడు మంచాలు వేస్తే దాదాపు సగం నేల వాటికే పోతుంది. ఇంకా బ్యాగులు, పుస్తకాలు, బియ్యం సంచి. పది బై పది గదికి ఇద్దరే.

ఏ వైపు చూడాలి

మీ కాలేజీ ఎక్కడుందో దాన్నిబట్టి. కాకతీయ యూనివర్సిటీ వాళ్లకు కేయూ క్రాస్ రోడ్డు, విద్యారణ్యపురి, గోపాల్‌పూర్, కుమార్‌పల్లి. ఎర్రగట్టుగుట్ట దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్లేవాళ్లకు భీమారం దగ్గర, ఇంకా ముందుకు అయితే హసన్‌పర్తి. సుబేదారిలో ఆర్ట్స్ కాలేజీ, వడ్డేపల్లిలో పింగిళి మహిళా కాలేజీ వాళ్లకు కిషన్‌పుర, బాలసముద్రం, వడ్డేపల్లి చుట్టుపక్కల వీధులు. మెడికల్ కాలేజీ, ఎంజీఎం ఆసుపత్రి వైపు చదివేవాళ్లకు మట్టెవాడ, పోచమ్మమైదాన్, దేశాయిపేట, ములుగు రోడ్డు. మంచిర్యాల, పెద్దపల్లి నుంచి రైల్లో వచ్చిపోయేవాళ్లు కాజీపేట జంక్షన్‌కు నడిచిపోయేంత దూరంలో చూసుకుంటే వారానికోసారి ఆటో డబ్బులు మిగులుతాయి.

నయీంనగర్‌లో కాలేజీలు, కోచింగులు, ప్రైవేట్ హాస్టళ్లు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి రూములూ ఎక్కువే, గిరాకీ కూడా ఎక్కువే. మెయిన్ రోడ్డు మీది ఇల్లు, రెండు గల్లీలు లోపలి ఇల్లు, ఈ రెండింటి అద్దెల తేడా అడిగి చూడండి. ఐదు నిమిషాల నడకకు అంత పెట్టడం ఎందుకో మీకే అర్థం కాదు.

వాన సంగతి మరిచిపోవద్దు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో కురిసిన వానలకు నయీంనగర్ నాలా పక్క వీధులు, సమ్మయ్యనగర్, హంటర్ రోడ్డు వైపు కాలనీలు నీళ్లలో ఉన్నాయి. ఈ వైపుల్లో గ్రౌండ్ ఫ్లోర్ చవగ్గా దొరికితే కారణం అదే కావచ్చు. గోడల మీద మోకాలెత్తున అడ్డంగా గోధుమరంగు గీత ఉందా, కొత్తగా సున్నం వేసినా కింద రెండడుగులు పొక్కులు పొక్కులుగా ఉందా చూడండి. ఓనరును అడిగితే "ఎప్పుడో ఒక్కసారి వచ్చినయ్" అంటాడు. గల్లీ చివర కిరాణా కొట్టాయనను అడగండి, ఎంత ఎత్తు వచ్చాయో చేత్తో చూపిస్తాడు. మొదటి అంతస్తు అయితే ఈ దిగులు ఉండదు.

పైన మరీ టెర్రస్ మీద రేకుల రూము అయితే మాత్రం వేరే బాధ. ఏప్రిల్, మేలో పగలు అందులో కూర్చోలేరు, పరీక్షలు ఉండేదీ అప్పుడే. దానికితోడు హనుమకొండలో కోతులు. కిటికీకి జాలీ లేకపోతే బియ్యం సంచి నుంచి పేస్టు దాకా ఏదీ మిగలదు, ఆరేసిన బట్టలూ అంతే. మిగతావన్నీ బాగుండి రేకుల రూమే తీసుకుంటే, జాలీ కొట్టించి ఇస్తేనే వస్తామని ఓనరుకు ముందే చెప్పండి. చేరాక కొట్టించరు.

ఎప్పుడు వెతకాలి

పాత పిల్లలు పరీక్షలై ఏప్రిల్ చివర, మేలో ఖాళీ చేస్తారు. కొత్త పిల్లలు డిగ్రీ, ఇంజినీరింగ్ కౌన్సెలింగులు నడిచే జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా దిగుతారు. మధ్యలో ఖాళీగా ఉన్న రూములే మీకు కావాల్సినవి. అందులోనూ ఆషాఢం మంచి సమయం. ఆ నెలలో కుటుంబాలు ఇల్లు మారవు, పాలు పొంగించవు. బోర్డు పెట్టి పది పదిహేను రోజులైనా ఎవరూ రాని ఓనరు, "బ్యాచిలర్లకు ఇయ్యం" అన్న మాటను కాస్త సడలిస్తాడు. శ్రావణం మొదలైతే మళ్లీ బిగుసుకుంటాడు. నెల మధ్యలో చేరితే ఆ నెలకు సగం అద్దె అడగండి, చాలామంది ఒప్పుకుంటారు.

బ్రోకరు లేకుండా ఎలా దొరుకుతుంది

నడవాలి. సాయంత్రం ఐదు నుంచి ఏడు మధ్య, లేదా ఆదివారం పొద్దున. ఓనర్లు గేటు దగ్గర, అరుగుల మీద కూర్చునే వేళ అది. ముగ్గురూ గుంపుగా పోవద్దు, ఇద్దరు చాలు. వీలైతే మొదటిసారి ఒకరి నాన్నో అన్నో వెంట ఉంటే మాట త్వరగా కుదురుతుంది. ఇది న్యాయమా అంటే కాదు, కానీ పని జరుగుతుంది.

బోర్డులు లేని ఖాళీ రూములు చాలా ఉంటాయి. వాటి ఆచూకీ వాటర్ క్యాన్లు వేసే ఆటో ఆయనకు తెలుసు, ఏ ఇంట్లో క్యాన్ ఆగిపోయిందో ఆయనకే ముందు తెలుస్తుంది గనుక. ఇస్త్రీ బండి, జిరాక్సు షాపు, కర్రీ పాయింటు కూడా అడగండి. మీ సీనియర్లలో ఫైనల్ ఇయర్ వాళ్లను మార్చిలోనే పట్టుకుంటే ఇంకా మేలు: ఓనరు ఎలాంటివాడో, నీళ్లు ఎప్పుడొస్తాయో, అడ్వాన్సు తిరిగి ఇస్తాడో లేదో మొత్తం చరిత్ర వాళ్ల దగ్గరే ఉంటుంది. వాళ్ల మంచం, స్టవ్వు సగం ధరకు వస్తాయి.

ఆన్‌లైన్‌లో చూసినా సరే, రూము కళ్లతో చూడకుండా రూపాయి పంపొద్దు. "నేను మిలటరీలో ఉన్నా, ట్రాన్స్‌ఫర్ అయింది, గేట్ పాస్ కోసం ముందు కొంచెం వేయండి" అనేవాళ్లంతా ఒకే పాఠం చదువుతున్నారు. డబ్బు మీకు రావడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఓనరుతో మొదటి మాటల్లోనే వచ్చే ప్రశ్నలు: ఎంతమంది ఉంటరు, ఏం చదువుతున్నరు, ఏ ఊరు, నాన్న ఏం చేస్తరు. తర్వాత ఇంటి పేరు అడుగుతారు, కొందరు నేరుగా కులమే అడుగుతారు. అక్కడ వాదించి గెలిచి అందులో చేరినా ఏడాదంతా ఆ చూపు భరించాలి. వేరే ఇల్లు చూసుకోండి. మాంసం వండొద్దు అనే షరతు ఉంటే చేరకముందే తేల్చుకోండి, చేరాక దాచి వండితే మొదటి ఆదివారమే వాసన పట్టిస్తుంది.

రూము చూసేటప్పుడు చేతులతో చేయాల్సిన పనులు

నల్లా తిప్పి బకెట్ పెట్టండి. పదిహేను లీటర్ల బకెట్ నిండడానికి రెండు నిమిషాలకంటే ఎక్కువ పడితే పైపు మూసుకుపోయిందో, ట్యాంకు ఎత్తు చాలదో అర్థం. మున్సిపల్ నల్లా ఉందా, బోరేనా, బోరైతే ఏప్రిల్లో అడుగంటుతుందా, అప్పుడు ట్యాంకర్ డబ్బు ఎవరిది? ఈ ఆఖరి ప్రశ్నకు జవాబు కాగితం మీద ఉండాలి.

ఫోను ఛార్జర్ వెంట తీసుకెళ్లి ప్రతి ప్లగ్గులో పెట్టి చూడండి. తలుపు మూసి సిగ్నల్ చూడండి. లోపలి గడియ, బయటి గడియ వేసి చూడండి. బాత్రూమ్ ఎవరెవరితో పంచుకోవాలో అడగండి. గేటు రాత్రి ఎన్నింటికి వేస్తారో, బైకు పెట్టుకునే చోటుందో కూడా.

అమ్మాయిలైతే ఓనరు కుటుంబం అదే ఇంట్లో ఉండటం మేలు. పొద్దున చూసిన వీధిని రాత్రి ఎనిమిదింటికి ఇంకోసారి నడిచి చూడండి. బస్టాపు నుంచి గేటు దాకా వీధి దీపాలు వెలుగుతున్నాయా, మధ్యలో వైన్‌షాపు ఉందా అన్నవి పగలు కనపడవు.

కరెంటు: అసలు కోత ఇక్కడే

మీటరు ఎలా ఉందో చూడండి. మూడు రకాలు. మీ పోర్షన్‌కు విద్యుత్ సంస్థ వాళ్ల మీటరే వేరుగా ఉంటే అదృష్టం. ఇంటి మొత్తానికి ఒకే మీటరు ఉండి మీకు సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు ఎనిమిదో తొమ్మిదో అడిగేది రెండో రకం. ఏ లెక్కా లేకుండా "బిల్లు ఎంతొస్తే అంత పంచుకోవాలె" అనేది మూడోది, దీన్ని వదిలేయండి. ఇంట్లో ఏసీ నడిచేది వాళ్లది, బిల్లు మీది అవుతుంది.

సబ్ మీటరు రేటు ఎందుకు ఎక్కువ ఉంటుందంటే స్లాబుల వల్ల. తెలంగాణలో గృహ వినియోగం నెలకు 200 యూనిట్లలోపు ఉంటే (వంద దాటాక) మొదటి వందకు యూనిట్ 3.40, తర్వాతి వందకు 4.80 రూపాయలు. 200 దాటిందంటే మొదటి రెండు వందలకూ 5.10 పడుతుంది, ఆ పైన మూడు వందల దాకా 7.70. అంటే 200 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీ 820 రూపాయలు, 201కి 1,027 పైచిలుకు. ఒక్క యూనిట్‌కు రెండు వందలు. ఫిక్స్‌డ్ ఛార్జీ వేరు. రెండు మూడు కుటుంబాలు ఒకే మీటరు మీద ఉంటే బిల్లు పై స్లాబులకు పోతుంది, ఓనరు ఆ రేటు మీ మీద వేస్తాడు. "పోయిన నెల బిల్లు చూపండి, మొత్తాన్ని మొత్తం యూనిట్లతో భాగిస్తే ఎంత పడుతుందో ఆ రేటు ఇస్తాం" అనండి. న్యాయమైన ఓనరు కాదనడు.

మీకు వేరే మీటరు ఉంటే 200 లోపు ఉంచడం మీ చేతిలో పని. రెండు వేల వాట్ల ఇండక్షన్ స్టవ్వు గంటకు రెండు యూనిట్లు తింటుంది. రోజుకు గంట వాడితే నెలకు అరవై. రెండు వందల వాట్ల కూలర్ ఎనిమిది గంటలు నడిస్తే నెలకు నలభై ఎనిమిది. వేసవిలో ఈ రెండూ కలిస్తే ఫ్యాన్లు, బల్బులు, రైస్ కుక్కర్‌తో గీత దాటడం ఖాయం. ఆ రెండు నెలలైనా వంట గ్యాస్ మీద పెట్టుకోండి.

గృహజ్యోతి ఉచిత కరెంటు మీద ఆశ పెట్టుకుని లెక్క వేయకండి. ఒక రేషన్ కార్డుకు ఒక మీటరే. మీ అమ్మానాన్న ఊళ్లో వాడుకుంటుంటే ఇక్కడ మీకు రాదు.

చేరకముందు బిల్లు మీది సర్వీసు నంబరును ఫోన్‌పేలో కొట్టి పాత బకాయి ఉందేమో చూడండి. చేరిన రోజే మీటరు రీడింగ్ ఫోటో తీసి ఓనరుకు వాట్సాప్ చేయండి. మాటామాటా వచ్చిన రోజున ఆ ఒక్క ఫోటోనే మీ తరఫున మాట్లాడుతుంది.

తలకు ఎంత పడుతుందో ఇలా వేయండి

కేయూ క్రాస్ రోడ్డు దగ్గర రెండు గదుల పోర్షన్ 9,000, హసన్‌పర్తి వైపు అలాంటిదే 7,200 అనుకుందాం. ముగ్గురికి పంచితే 3,000, 2,400. దూరపుది ఆరు వందలు చవక. కానీ షేర్ ఆటోకు పోనూ రానూ నలభై, నెలకు ఇరవై నాలుగు రోజులు కాలేజీ అంటే 960. చవక రూము నెలకు 360 ప్రియమైంది. అదే అమ్మాయిలకైతే లెక్క తిరగబడుతుంది. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు కాబట్టి, కాలేజీ వేళకు బస్సు ఉన్న రూట్లో దూరంగా ఉన్నా ఆరు వందలు నిజంగానే మిగులుతాయి. అబ్బాయిలు ఆర్టీసీ స్టూడెంట్ పాస్ ధర వేసుకుని మళ్లీ చూసుకోవాలి.

తాగడానికి, వంటకు ముగ్గురికి రోజుకు పది లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్ రెండు రోజులకొకటి, నెలకు పదిహేను. బియ్యం ముగ్గురికి రోజుకు కిలో పైన, నెలకు ముప్పై కిలోలకు తక్కువ కాదు. ఊరి నుంచి తెచ్చుకోగలిగితే ఖర్చు బాగా తగ్గుతుంది. గ్యాస్‌కు స్థానిక చిరునామా లేకపోయినా గుర్తింపు కార్డుతో దొరికే ఐదు కిలోల చిన్న సిలిండర్ ఉంది, కంపెనీ డీలరు దగ్గరే తీసుకోండి. రోడ్డు పక్క పెద్ద సిలిండర్ నుంచి చిన్నదాంట్లోకి నింపిచ్చే చోట్లకు పోవద్దు. ఎంత నింపారో తూకం ఉండదు, వాల్వు లీకైతే రాత్రి పడుకునేది దాని పక్కనే.

ఇవన్నీ కలిపి వచ్చిన అంకెను ప్రైవేట్ హాస్టల్ ఫీజు పక్కన పెట్టండి. వంట చేసుకునే ఓపిక లేనివాళ్లకు చాలాసార్లు హాస్టలే చవక. రూము తీసుకుని రోజూ బయట తింటే రెండింటి నష్టమూ మీదే.

అడ్వాన్సు, కాగితం

రూము నచ్చిందని ఆపించడానికి వెయ్యికి మించి టోకెన్ ఇవ్వకండి, ఫోన్‌పే నోట్‌లో "రూము టోకెన్, అద్దెలో మినహాయింపు" అని రాయండి. అడ్వాన్సు రెండు నెలలు దాటితే బేరం ఆడండి.

వంద రూపాయల బాండు పేపరు మీద పదకొండు నెలలకు రాయించుకోండి. అలవాటుగా అందరూ పదకొండు నెలలకే రాయిస్తారు. అందులో అద్దె, అడ్వాన్సు, తేదీలు మామూలే. మీరు పట్టుబట్టి రాయించాల్సినవి వేరే ఉన్నాయి: కరెంటు యూనిట్ రేటు, ట్యాంకర్ ఖర్చు ఎవరిది, ఖాళీ చేయడానికి ఒక నెల ముందు చెబితే చాలని, సున్నం వేయించడానికి అడ్వాన్సులో ఎంత కోస్తారో అంకెతో సహా, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో. మే నెల సంగతి కూడా. రూములో ఉండకుండా సామాను మాత్రం పెట్టుకుంటే సగం అద్దెకు ఒప్పుకునే ఓనర్లు ఉన్నారు, కానీ జూలైలో అడిగితేనే. ఏప్రిల్లో అడిగితే నవ్వుతారు. అందరి పేర్లూ అందులో ఉండాలి. ఒక్కరి పేరుతోనే రాస్తే మిగతావాళ్లు వెళ్లిపోయినప్పుడు మొత్తం అద్దె ఆ ఒక్కరి మెడకు చుట్టుకుంటుంది.

ఆధార్ జిరాక్సు ఇచ్చేటప్పుడు దాని మీద "అద్దె ఇంటి కోసం మాత్రమే" అని తేదీ వేసి సంతకం పెట్టండి.

మీలో మీకు ఒప్పందం

ఇది బాండు పేపరు కాదు, నోటు పుస్తకంలో ఒక పేజీ చాలు, కానీ రాసి ఉండాలి. ప్రతి నెల ఒకటో తారీకున అందరూ ఒకరి ఖాతాలో వేస్తే, ఆయన ఓనరుకు "జూలై అద్దె" అని నోట్ పెట్టి పంపాలి. నగదు వద్దు. కూలర్ తెచ్చుకున్నవాళ్లు దాని యూనిట్లు అదనంగా కట్టాలి. చుట్టాలు, దోస్తులు మూడు రాత్రులు దాటితే క్యాన్లు, గ్యాస్ వాటా వాళ్లను తెచ్చినవాళ్లది.

అన్నిటికంటే గొడవలు తెచ్చేది మధ్యలో వెళ్లిపోవడం. ఉద్యోగం వచ్చిందనో, ఇంటికి పిలిచారనో ఒకరు నవంబర్‌లో పోతే మిగతా ఇద్దరి వాటా 3,000 నుంచి 4,500 అవుతుంది. మొదటి రోజే రాసుకోండి: పోయేవారు తమ బదులు మిగతావాళ్లు ఒప్పుకునే మనిషిని తేవాలి, లేదా ఒక నెల వాటా వదులుకోవాలి. వాళ్ల అడ్వాన్సు వాటా ఓనరు ఇవ్వడు, కొత్తగా వచ్చేవాళ్లు ఇవ్వాలి. కొత్తవాళ్ల ఆధార్ కాపీ ఓనరుకు ఇచ్చి, అగ్రిమెంటు కింద వాళ్ల పేరు చేర్పించండి.

ఖాళీ చేసే రోజున గోడలు, ప్లగ్గులు, బాత్రూమ్ వీడియో తీసి, మీటరు రీడింగ్ ఫోటో తీయండి. ఆఖరి కరెంటు బిల్లు ఇంకా రాలేదని మొత్తం అడ్వాన్సు ఆపుతామంటే, వాడిన యూనిట్లకు లెక్కకట్టి అంత మాత్రమే పట్టుకుని మిగతాది అక్కడే పంపమనండి. డబ్బు ఖాతాలో పడ్డ మెసేజ్ చూశాకే తాళం చెవులు ఇవ్వండి.